పైన వదిలిన జాగా

ఆ వారపత్రికలో లోపలి కథలు చదివేవాళ్ళు ఎందరో చెప్పలేం కానీ, అట్ట మీద అమ్మాయిని చూడనివాడంటూ లేడు. క్షవరం షాపు బెంచీ మీద, బస్టాండులో బడ్డీకొట్టుకి కట్టిన తాడు మీద, పళ్ళ డాక్టరు గది బయట కుర్చీల్లో, ఎక్కడ చూసినా ఆ అమ్మాయే. ఓ వారం గొడుగు పట్టుకుంటుంది. ఓ వారం కిటికీ ఊచలు పట్టుకుంటుంది. ఎండలు ముదిరితే నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. గొడుగు మారుతుంది, కిటికీ మారుతుంది, మొహం మాత్రం చచ్చినా మారదు. ఇంతింత కళ్ళు, తిన్నని ముక్కు, సన్నగా దిగిన గడ్డం, ఏదో అనబోయి ఆగిన పెదాలు. చూసేవాళ్ళకి జుట్టు నెరిసింది కానీ ఆ అమ్మాయికి ఇరవై దాటలేదు.

గీసేవాడికి మాత్రం అరవై నిండాయి. వీధిలో అందరూ ఆయన్ని బొమ్మలాయన అంటారు. పత్రికాఫీసులో ఆర్టిస్టు గారంటారు. ఇంట్లో భార్య ‘ఏవండీ’ అంటుంది, కోపం వస్తే అదీ అనదు.

ఇంటి వెనక గది ఆయన పనిగది. ఉత్తరం వైపు కిటికీ, దాని కింద వాలుగా బల్ల, బల్ల మీద రంగునీళ్ళ సీసాలు, బ్రష్షులు తుడిచి తుడిచి అసలు రంగేమిటో మరిచిపోయిన పాత చొక్కాముక్క. పొద్దున్నే కూర్చోగానే ఆయన చేసే మొదటి పని బొమ్మ గీయడం కాదు. కొత్త షీటు బల్ల మీద బిగించి, పైనుంచి మూడోవంతు కొలిచి, స్కేలు పెట్టి సన్నగా ఒక గీత కొడతాడు. ఆ గీత పైన ఉన్న జాగా ఆయనది కాదు. అక్కడ పత్రిక పేరు పడుతుంది, ఎర్రగా, బండగా. ఆ అక్షరాలు వేసేవాళ్ళు వేరే. అమ్మాయి తల, తల్లో పువ్వు, చేతిలో గొడుగు అన్నీ గీతకి లోబడి ఉండాలి.

కొత్తలో ఒకసారి పువ్వు రేకొకటి గీత దాటింది. అప్పటి ఎడిటరు, అంటే ఇప్పటి ఎడిటరు గారి నాన్న, పిలిపించి నిలబెట్టి కడిగేశాడు. “ఏమయ్యా, మా పేరు మీదకే ఎక్కిస్తావా నీ పువ్వుని?” అని ఆయన అరిచిన అరుపుకి ఆఫీసంతా తలలెత్తి చూసింది. తల కొట్టేసినట్టయింది బొమ్మలాయనకి. ఆ రోజు నుంచి గీత కొట్టకుండా పెన్సిలు పట్టలేదు.

ఇంతకీ ఆ అమ్మాయి ఎక్కడ్నుంచి ఊడిపడిందీ అంటే, ఎక్కడ్నుంచో కాదు, ఆ ఇంట్లోంచే. పెళ్ళైన కొత్తలో భార్య కిటికీ దగ్గర కూర్చుని చిక్కుపడ్డ దారపుండ విప్పుకుంటుంటే, చూసి గీశాడు. ఆ బొమ్మ అట్ట మీద పడ్డ వారం పత్రిక దొరకలేదు, ఎగరేసుకుపోయారు జనం. “ఇదే మొహం వెయ్యి” అన్నాడు పెద్ద ఎడిటరు. వేశాడు. భార్య ఆ సంచికలు పట్టుకుని పక్కింటికీ ఎదురింటికీ తిరిగి చూపించుకుంది. చూపించుకోదూ మరి!

తరవాత మొదలైంది అసలు కథ. కళ్ళు ఇంకాస్త పెద్దవి చెయ్యమన్నారు, చేశాడు. ఆవిడ ముక్కు మధ్యలో చిన్న ఎత్తు ఉంటుంది, అది తీసెయ్యమన్నారు, తీసేశాడు. గడ్డం సన్నం చెయ్యమన్నారు. ఒక్కోసారి ఒక్కో పిసరు. అలా పిసరు పిసరుగా ఆవిణ్ణి ఆ బొమ్మలోంచి బయటికి పంపేశాడు మహానుభావుడు. పంపుతున్నట్టు తనకీ తెలియలేదు. ఆవిడకి తెలిసింది. ఓ రోజు కొత్త సంచిక చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, “బాగుందండీ మీ రెండో సంసారం” అని బల్ల మీద పడేసి వంటగదిలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎవరికీ చూపించలేదు.

ఆయన తప్పించుకోవాలని చూడలేదని కాదు. ఒకసారి బస్సు దిగి చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్న నడివయసు మనిషిని గీశాడు. పెద్ద ఎడిటరు పోయి కొడుకు కుర్చీ ఎక్కిన రోజులవి. కొడుకు మర్యాదస్థుడు, తండ్రిలా అరవడు. “అద్భుతం ఆర్టిస్టు గారూ! మీరు ఎవర్నైనా గీయండి, నేను అడ్డం రాను. మొహం మాత్రం మన అమ్మాయిది పెట్టండి” అన్నాడు. అరిచినా బాగుండేది. నర్సుకి ఆ మొహమే, రాణీగారికి ఆ మొహమే, పొలంలో కలుపు తీసేదానికీ ఆ మొహమే. చేతికి అదే అలవాటైపోయింది. ముందు రెండు కళ్ళు, తరవాత ఈ చెవి దగ్గర ఎత్తుకున్న గీత గడ్డం చుట్టి ఆ చెవి దగ్గర దిగేదాకా పెన్సిలు ఎత్తకుండా ఒకే ఊపు. కళ్ళు మూసుకున్నా వచ్చేస్తుంది.

అది ఎంత ముదిరిందంటే, పక్కింటాయన బతిమాలి బతిమాలి వాళ్ళ నాన్న బొమ్మ వేయించుకున్నాడు. పూర్తయ్యాక చూస్తే ఏముంది, పత్రికమ్మాయికి మీసాలు మొలిచాయి! పాపం పక్కింటాయన నీళ్ళు నమిలి, “నాన్నగారు చిన్నప్పుడు ఇలాగే ఉండేవారేమో లెండి” అంటూ పట్టుకెళ్ళాడు. ఆ బొమ్మ వాళ్ళ గోడ మీద ఎప్పుడూ కనబడలేదు. ఆ తరవాత బొమ్మలాయన ఇంకెవరి మొహమూ ఒప్పుకోలేదు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది కానీ, ఆయనకి మాత్రం ఊపిరాడేది కాదు. ప్రపంచంలో ఇన్ని మొహాలుంటే తన చేతికి ఒక్కటే మిగిలింది.

ఇలా ఉండగా భార్యకి ఎడమ దవడ కింద గడ్డ లేచింది. పన్ను పోటనుకుని లవంగం నొక్కిపెట్టి తిరిగింది. గడ్డ పెరిగింది. పెద్దాసుపత్రిలో పరీక్షలన్నీ చేసి డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. ఆపరేషను చెయ్యాలి, దవడ ఎముక కొంత తీసెయ్యాలి, ప్రాణానికి భయం లేదు. “మొహం మాత్రం మునుపట్లా ఉండదమ్మా” అంది. ఆపరేషను వచ్చే సోమవారం, ముందురోజే వచ్చి చేరమంది.

ఆవిడ ఇంటికొచ్చి చెప్పులు విప్పి, అద్దం ముందు కాసేపు నిలబడి, తిన్నగా వెనక గదిలోకి వచ్చింది. ఆ గదిలోకి ఆవిడ రావడమే అరుదు.

“ఏవండీ, నాకో పని చేసిపెట్టాలి.”

“చెప్పు.”

“నన్ను గీయండి. ఇప్పుడెలా ఉన్నానో అలా.”

అక్కడే ఉన్న ఆవిడ తమ్ముడు జేబులోంచి ఫోను తీసి, “బావని కష్టపెట్టడం ఎందుకక్కా, నేను ఫోటో తీస్తాగా. ఇటు చూడు, నవ్వు” అన్నాడు. మంచివాడే, నోరు ముందు మనిషి వెనక.

“ఫోటో ఎవడైనా తీస్తాడురా. ఫోటోలో నేను ఫోనుకి ఎలా కనిపిస్తానో ఉంటుంది. ఇన్నేళ్ళు ఈయన ఎదురుగా తిరిగాను. ఈయనకి నేనెలా కనిపిస్తానో నాకు తెలియాలి.” ఆవిడ బల్ల మీది షీటు వైపు చెయ్యి చూపించింది. “ఊరందరికీ వారం వారం ఓ మొహం గీసిచ్చారు. నా మొహం నాకు గీసివ్వండి. సోమవారం దాకే ఉంటుంది ఇది.”

ఆయన ఔనన్నాడు కానీ, అవుతుందా? ఆ భయం ఎవరితో చెప్పుకోవాలి? ఊరంతా మెచ్చుకునే బొమ్మలాయన, కట్టుకున్న భార్య మొహం తన చేతికి రాదంటే ఎవరు నమ్ముతారు?

కుర్చీ కిటికీ పక్కన వేసి, “కొంచెం ఇటు తిప్పుకో, వెలుతురు బాగా పడుతుంది” అని కూర్చోబెట్టాడు. కళ్ళు గీశాడు. గడ్డం ఒక్క ఊపులో చుట్టేశాడు. ఆవిడ లేచొచ్చి చూసి, “బాగుంది. ఎవరీవిడ?” అంది. కోపంగా కూడా అనలేదు. చించేశాడు.

రెండోసారి పట్టి పట్టి నుదుటి మీద ముడతలు పెట్టాడు, చెవుల పక్కన నెరుపు పెట్టాడు. “మీ అమ్మాయికి కూడా వయసు మీద పడిందన్నమాట. పాపం” అంది. అదీ చించేశాడు. మూడోసారి బావమరిది చేత ఫోటో తీయించి, దాని మీద గళ్ళు కొట్టుకుని, ఏ గడిలోది ఆ గడిలో దింపాడు. గడి గడికీ సరిగ్గానే ఉంది, మొత్తం చూస్తే పత్రికమ్మాయే. “గొడుగొక్కటే తక్కువ బావా!” అనేసి, బావ మొహం చూసి నాలిక్కరుచుకుని బయటికి జారుకున్నాడు తమ్ముడు. గీసినదాన్ని అద్దంలో చూసుకుంటే తప్పు ఎక్కడుందో దొరుకుతుంది, బొమ్మలు గీసేవాళ్ళందరూ చేసే పనే. అద్దం పట్టుకుని చూశాడు. అద్దంలోంచి కూడా ఆ అమ్మాయే ఏదో అనబోతూ ఆగింది. పీక పిసికేద్దామన్నంత కోపం వచ్చింది ఆయనకి, కాగితం మీది పిల్లని పట్టుకుని.

ఈ గొడవలో ఆఫీసు నుంచి ఫోను. “ఆర్టిస్టు గారూ, ఈ వారం ముఖచిత్రం అందలేదు. వానలు మొదలయ్యాయి కదా, గొడుగు పెట్టేద్దాం.” పెట్టేశాడు. టీ చల్లారేలోపు బొమ్మ అయిపోయింది. గీత కింద తల, తల మీద గొడుగు, గొడుగు కింద ఆ కళ్ళు, ఆ గడ్డం. ఎక్కడా తడబాటు లేదు. అయిపోయాక బల్ల మీద తల ఆనించి ఏడ్చాడు. బయట సైకిలు బెల్లు మోగుతోంది, పత్రికాఫీసు మనిషి బొమ్మ కోసం వచ్చి నిలబడ్డాడు. మొహం తుడుచుకుని, బొమ్మ చుట్టి ఇచ్చి పంపాడు.

శనివారం పొద్దున మళ్ళీ కూర్చున్నారు ఇద్దరూ. “కొంచెం ఇటు తిప్పుకో” అన్నాడు. ఆవిడ తిప్పుకోలేదు.

“రోజూ అదే అంటున్నారు. ఎటు తిప్పమంటున్నారో చూసుకున్నారా మీరు?”

“వెలుతురు కోసం...”

“వెలుతురూ లేదు, వంకాయా లేదు. గడ్డ కనబడకుండా తిప్పమంటున్నారు. దవడ దగ్గరికొచ్చేసరికి మీ చూపు గోడ మీదకి పోతోంది. నేను చూస్తున్నానుగా. మీరు నన్ను చూడందే ఎలా గీస్తారండీ?”

ఆవిడన్న మాట నిజం. గడ్డ లేచిన దగ్గర్నుంచి మందులు తెచ్చాడు, ఆసుపత్రి చుట్టూ తిరిగాడు, రాత్రి నొప్పంటే వేడినీళ్ళు కాచిచ్చాడు. దాన్ని మాత్రం కళ్ళారా చూడలేదు. చూస్తే నిజమైపోతుందని భయం.

ఆవిడే లేచి కుర్చీ ఈడ్చింది. గడ్డ ఉన్న వైపు తిన్నగా ఆయనకి ఎదురయ్యేలా కూర్చుంది. ఆయన కుడిచెయ్యి పట్టుకుని, వేళ్ళు తెచ్చి గడ్డ మీద పెట్టుకుంది. గట్టిగా ఉంది. వెచ్చగా ఉంది. లోపల నాడి కొట్టుకుంటోంది.

“ఇక్కణ్ణుంచి మొదలుపెట్టండి” అంది.

కళ్ళు వదిలేసి, జన్మలో మొదటిసారి దవడ దగ్గర పెన్సిలు పెట్టాడు. గడ్డ మీద సాగి నున్నబడ్డ చర్మం, దాని కింద పడ్డ చిన్న నీడ, అది లాగడం వల్ల ఓ పిసరు కిందికి జారిన పెదవి కొస. చేతికి అలవాటైన ఆ ఒక్క ఊపు గీత వెళ్ళడానికి దారే లేదు, గడ్డ అడ్డం కూర్చుంది. ఇక చెయ్యి ఏం చేస్తుంది? చూడాల్సి వచ్చింది. చూసి ఒక గీత, మళ్ళీ చూసి ఒక గీత. చెవి తమ్మెలో కమ్మ బరువుకి సాగిన కన్నం. మెడ మీద నరం. ఎప్పుడో తీసేసిన ముక్కు మీది ఎత్తు మళ్ళీ దాని చోటుకి అది వచ్చి కూర్చుంది. ఆవిడ మధ్యలో కునుకు తీసింది, లేచింది, నీళ్ళు తాగింది. తమ్ముడు తలుపు దగ్గరకొచ్చి తొంగిచూసి, ఈసారి నోరు మూసుకుని వెళ్ళాడు. అన్నిటికన్నా ఆఖర్న కళ్ళు గీశాడు. అవి చిన్న కళ్ళు. ఇన్నేళ్ళూ ఆవిడవి అంత చిన్న కళ్ళని ఆయనకి గుర్తే లేదు.

“చూడు” అన్నాడు. పెన్సిలు కింద పెట్టి పక్కకి జరిగాడు.

ఆవిడ వచ్చి నిలబడింది. “నేనే” అంది. తరవాత, “ఎంత అలిసిపోయానండీ నేను! పొగరు కూడా ఉందే కాస్త” అని నవ్వబోయి, నొప్పికి దవడ పట్టుకుంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, నొప్పికో దేనికో. ఆయనకైతే ఇన్నేళ్ళ మీద మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకున్నట్టనిపించింది.

అంతలో ఆవిడ బొమ్మ మీదకి వంగి అడిగింది. “పైన ఇంత జాగా ఎందుకు వదిలేశారు?”

ఆయన చూశాడు. షీటుకి పైన మూడోవంతు తెల్లగా ఖాళీగా ఉంది. స్కేలుతో కొట్టిన సన్నటి గీత ఉంది. ఆవిడ తల ఆ గీతకి వెంట్రుకవాసి కింద, మాడు అణిచిపెట్టినట్టు ఆగిపోయి ఉంది. గీత ఎప్పుడు కొట్టాడో కూడా ఆయనకి తెలియదు. కళ్ళు మానుకున్నాడు, గడ్డం మానుకున్నాడు, దీన్ని మానుకోవాలని తట్టనైనా లేదు. ఎవరూ అడక్కుండానే, పత్రిక పేరు కోసం, సొంత భార్య నెత్తి మీద జాగా వదిలిపెట్టాడు.

ఆయన బల్ల పట్టుకుని, “కత్తిరించేస్తాను. పైముక్క కోసేస్తే సరిపోతుంది” అన్నాడు.

“కొయ్యకండి. కోసేది సోమవారం వాళ్ళెలాగూ కోస్తారు.” ఆవిడ ఆ తెల్లజాగా మీద అరచెయ్యి ఆనించి చూసింది. “ఇక్కడ పేరుంటుంది కదూ మామూలుగా?”

“ఆఁ.”

“అయితే నా పేరు రాయండి.”

“నాకు అక్షరాలు రావు. అవెప్పుడూ వేరేవాళ్ళే వేసేవాళ్ళు.”

“వచ్చినట్టే రాయండి. ఎవరు చూడొచ్చారు?”

ఎర్రరంగు కలిపాడు. ఇన్నేళ్ళ పనివాడు, బడిపిల్లాడి కన్నా కనాకష్టంగా రాశాడు. మొదటి అక్షరాలు ధీమాగా పెద్దవి రాసేశాడు, చివరికొచ్చేసరికి చోటు చాల్లేదు. ఆఖరి అక్షరం అంచుకి అతుక్కుని చిన్నదైపోయింది.

“అది ఇరుక్కుపోయిందే!” అందావిడ.

“చెరిపి మళ్ళీ రాస్తానుండు.”

“వద్దు, ఉండనివ్వండి. ఇన్నాళ్ళూ మనిద్దరం మాత్రం ఎలా ఉన్నాం?”

ఆదివారం ఆసుపత్రిలో చేరింది. సోమవారం ఆపరేషను అయింది. డాక్టరమ్మ చెప్పినట్టే ప్రాణానికి భయం లేకుండా ఇంటికొచ్చింది. చెప్పినట్టే మొహం మునుపట్లా లేదు. ఎడమ వైపు లోపలికి పోయింది, నోరు ఓ పక్కకి లాగేసింది. మాట రావడానికి చాలా రోజులు పడుతుందన్నారు. బొమ్మ ముందుగదిలో, గుమ్మానికి ఎదురుగోడ మీద వేలాడుతోంది. మేకు కొట్టింది తమ్ముడు. కొడుతున్నంతసేపూ ఒక్క జోకు కూడా వెయ్యలేదు.

ఆఫీసు నుంచి మామూలుగానే ఫోను వచ్చింది. బొమ్మలాయన ఆ వారం అట్ట మీది అమ్మాయిని దవడ దగ్గర మొదలుపెట్టాడు. నిదానంగా, చూసినవన్నీ తలుచుకుంటూ గీసి పంపాడు. మర్నాడే వెనక్కి వచ్చింది. “ఆర్టిస్టు గారూ, ఏమనుకోకండి. అమ్మాయి ఏదోలా ఉంది, పన్ను నొప్పి వచ్చినదానిలా. ఇంట్లో బాలేదని విన్నాను, మీ మనసు మనసులో ఉండదు. గడ్డం కాస్త సరిచేసి పంపండి చాలు” అన్నాడు ఎడిటరు, ఎప్పటిలాగే మర్యాదగా. బొమ్మలాయన ఫోను పెట్టేశాడు. తెల్లరంగు పూసి దవడ కప్పేశాడు. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఒకే ఊపు. సరిపోయింది.

అదే సాయంత్రం పక్కింటాయన పలకరించడానికి వచ్చాడు. గుమ్మంలోనే ఎదురుగోడ మీది బొమ్మ కనబడింది. కిందికి చూస్తే కుర్చీలో ఆవిడ. బొమ్మకీ మనిషికీ పోలిక కుదరక, పైకి చూడాలో కిందికి చూడాలో తెలియక, “ఇదీ... పత్రికలోదేనా అమ్మా?” అని అడిగాడు పాపం. బొమ్మలాయన వెనక గదిలోంచి, చేతిలో సరిచేసిన అట్ట పట్టుకుని, తలుపు దగ్గరికి వచ్చి ఆగాడు.

ఆవిడకి మాట రాదు. చెయ్యి ఎత్తి ముందు గోడ మీద ఉన్న పేరు చూపించింది, అంచున ఇరుక్కున్న అక్షరం దాకా వేలు కదుపుతూ. తరవాత ఆ వేలు తెచ్చి తన గుండె మీద పెట్టుకుంది.